ఉఱుము వినబడిన పిమ్మట

మెఱుపునకు సంస్కృతమున ఎన్ని పేర్లు కలవో నాకు తెలియును. సౌదామని, తటిత్తు, చంచల, క్షణప్రభ మొదలగు వానిని తడుముకొనకుండ చెప్పగలను. ఒక్కొక్కదాని వ్యుత్పత్తిని విడదీసి పిల్లలచేత అప్పగింపించుకొనగలను. ఇరువది సంవత్సరములనుండి ఈ పనియే నాకు జీవనాధారము. అయినను ఉఱుము ఉఱిమినప్పుడు మిద్దెమీద పనిచేయుచున్న మనుష్యుని క్రిందికి పిలువవలెనను చిన్నమాటను నాకు ఏ నిఘంటువును నేర్పలేదు. దానిని నేను నేర్చుకొనుటకు ఒక పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాని కుడిచెవి వెలయైనది. ఆ వృత్తాంతమును దాచక చెప్పుట నా విధియని తోచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

మా యిల్లు కొండాపురమున నున్నది. మిద్దె యెక్కి చూచినచో ఒక దిక్కున హైటెక్ సిటీ అద్దాల మేడలును, మఱొక దిక్కున గచ్చిబౌలి వైపున ఆకాశమునకు చేతులు చాచిన క్రేనులును కనబడును. గడచిన యేడు వైశాఖమున ఎండవేడిమికి తాళలేక మిద్దెపై చల్లదనము నిచ్చు తెల్లని పలకలు పఱపింప దలచితిని. పాలమూరు ప్రాంతమునుండి వచ్చిన ఒక మేస్త్రీయు, ఆయన భార్యయు, వారి మేనల్లుడును పనికి కుదిరిరి. మూడవనాడు సాయంకాలము నాలుగుగంటల వేళ లింగంపల్లి దిక్కున మబ్బు నల్లబడెను. ఒక ఉఱుము వినబడెను. మేస్త్రీ మెట్లమీదికి వచ్చి, “సారూ, మబ్బు గట్టిగ వట్టింది. ఉరుముతున్నది. దిగుదుమా?” అని యడిగెను.

“చినుకైనా పడలేదు గదా మేస్త్రీ! కలిపిన మాలు గట్టిపడిపోతుంది. ఆ రెండు వరుసలు వేసేసి దిగండి” అంటిని.

ఆయన మాఱుమాటాడక పైకి పోయెను. నేను హాలులోనికి వచ్చి, సెలవులలో నాయొద్ద చదువుకొనుటకు వచ్చుచున్న ఇద్దఱు పిల్లలకు అమరకోశములోని దిగ్వర్గమును చెప్పసాగితిని. ఆనాటి పాఠమున మెఱుపు పేర్లే యున్నవి. నేను ముందు చెప్పుటయు, వారు వెనుక చెప్పుటయు జరుగుచుండగా నా భార్య వంటయింటినుండి వచ్చి, “ఏమండీ, పైన మనుషులున్నారు, తెలుసా?” అనెను. “వచ్చేస్తున్నారు” అని నేను నోరు తెఱచునంతలో ఇల్లంతయు తెల్లబడెను. వెలుగును మ్రోతయు ఒక్కసారియే వచ్చినవి. ప్రక్క స్థలములోని కొబ్బరిచెట్టు మొవ్వునుండి మొదటిదాక చీలిపోయెను. మా పిట్టగోడమీది ఇనుపకమ్మిని పట్టుకొని నిలిచియున్న కుఱ్ఱవాడు రెండు గజముల దూరమున పడియుండెను.

వానికి ఊపిరి ఆడుచుండెను. అది మా యదృష్టము. నా వివేకము గాదు. మా అమ్మాయి 108కి ఫోను చేసెను. మేమందఱము వానిని మోసి క్రిందికి దింపితిమి. కొన్ని నిమిషములకు కన్నులు తెఱచెను. చేతి తిమ్మిరి వారము దినములకు తగ్గెను గాని, కుడిచెవి కర్ణభేరి చినిగినదనియు, వినికిడి పూర్తిగా తిరిగిరాకపోవచ్చుననియు వైద్యులు చెప్పిరి. వారు చెప్పినట్లే యైనది.

ఆ రాత్రి ఆసుపత్రి వసారాలో నేను మేస్త్రీని క్షమాపణ కోరితిని. ఆయన కోపగించుకొనలేదు. కోపగించుకొన్నను బాగుండెడిది. “నాకు బయమైంది గని, సదువుకున్నోళ్ళు మీరు ఉండుమన్నరు గద, పర్వాలేదేమో అనుకున్న సారూ” అనెను. నా జీవితమున నా విద్యకు జరిగిన అవమానములలో ఇంతటిది మఱొకటి లేదు. అడవిలో, పొలములో, రాతిగనులలో తన తండ్రితాతలు నేర్పిన భయమును అతడు నా మాటమీది గౌరవముచేత అణచుకొనెను. ఆ గౌరవమునకు తగిన జ్ఞానము నాయొద్ద లేదు. మాలు వెల నూటయేబది రూపాయలకు మించదు.

అప్పటినుండి ఈ విషయమును గుఱించి దొరకినదెల్ల చదివితిని. చదివినకొలదియు నేనన్న ఆ ఒక్కమాటలో ఎన్ని తప్పులున్నవో తెలియవచ్చినది. “చినుకైనా పడలేదు” అన్నది మొదటి తప్పు. మేఘములో మంచుపలుకులును మెత్తని వడగండ్లును ఒండొంటితో రాచుకొనుటచే విద్యుత్తు విడిపడును. మేఘము అడుగుభాగమున ఋణవిద్యుత్తు కూడుకొని, గాలిని చీల్చుకొనుచు మెట్టు మెట్టుగా నేలకు దిగును. నేలమీద ఎత్తుగా నున్న చెట్టు, స్తంభము, మేడ, మనుష్యుడు—వీనినుండి చిన్న విద్యుద్ధారలు దానికి ఎదురేగును. రెండును కలసిన క్షణమున సుమారు 30,000 ఆంపియర్ల ప్రవాహము పాఱును. ఆ దారిలోని గాలి సూర్యుని ఉపరితలముకంటె అయిదురెట్లు వేడియై, అనగా సుమారు 30,000 డిగ్రీల వఱకు కాగి, ప్రేలినట్లు వ్యాకోచించును. ఆ ధ్వనియే ఉఱుము. పిడుగు వాననీటిపై తేలుచు వచ్చునది కాదు. వాన కురియుచోటికి పది పదునైదు కిలోమీటర్ల యెడముగా సైతము పడవచ్చును. కనుక ఉఱుము చెవికి వినబడినదనగా మనము దాని చేతికి అందు దూరములో నున్నామనియే యర్థము. చినుకును చూచి దిగుదమనువాడు తలుపు విఱిగిన పిమ్మట గొళ్లెము వెదకువానివంటివాడు.

“నెత్తిన పిడుగు పడినట్లు” అని మనము నిత్యము వాడుకొను మాటయు అసలు సంగతిని మఱుగుపఱచుచున్నది. పిడుగుపాటున చచ్చువారిలో సూటిగా నెత్తిన పడుటచే చచ్చువారు నూటికి ముగ్గురో అయిదుగురో యని వైద్యుల అంచనా. సుమారు సగము మంది నేలవెంబడి ప్రాకు విద్యుత్తుచేత పోవుచున్నారు. పిడుగు ఎక్కడనో పడును, వీరి ఒక పాదమునుండి ఎక్కి రెండవ పాదమునుండి దిగును. చెట్టుక్రింద నిలిచినవారికి చెట్టునుండి ప్రక్కకు దుముకును. కంచెను, కమ్మిని, గొట్టమును పట్టుకొన్నవారికి చేతిద్వారా వచ్చును. మా కుఱ్ఱవానికి వచ్చినది ఈ దారినే. పైగా మన హైదరాబాదు నేల నల్లరేగడి కాదు, రాయి. రాతినేల విద్యుత్తును త్వరగా లోనికి దిగనీయదు గనుక అది పైపైననే దూరము ప్రాకును. పునాదికొఱకు బండను పగులగొట్టుచున్న గుంటలో నిలిచినవాడు తాను పల్లమున నున్నాను గదా యని ధైర్యపడుటకు వీలులేదు.

ఈ చదువులో నన్ను మిక్కిలి కలవరపెట్టిన వృత్తాంతము మన దేశమునకు చెందినది కాదు. పిడుగు విద్యుత్తేయని నిరూపించినవాడు బెంజమిన్ ఫ్రాంక్లినని 1752 నాటి గాలిపటము కథతో సహా మనము పిల్లలకు చెప్పుచున్నాము. కాని ఆ గాలిపటమునకు ముందే, అదే సంవత్సరము మే 10వ తేదీన, ఫ్రాన్సు దేశమున మార్లీయను గ్రామమున ఆ పరీక్ష జరిగినది. దాలిబార్ అను పండితుడు ఫ్రాంక్లిన్ సూచించినట్లు నలువది అడుగుల ఇనుపకడ్డీని నాటించెను. మబ్బు పట్టిననాడు ఆయన ఊర లేడు, పారిసులో నుండెను. కడ్డీకి కాపలాగా జీతమిచ్చి నిలిపిన కాయిఫియే అను ముసలి మాజీ సైనికుడు, తనకు చెప్పినట్లు దగ్గఱకు పోయి, ఆకాశపు నిప్పురవ్వలను తొలిసారి వెలికిదీసెను. అతడు బ్రదికెను. మఱుసటి సంవత్సరము రష్యాలోని సెంట్ పీటర్స్‌బర్గున అటువంటి పరీక్షయే చేయుచు రిక్మన్ అను ఆచార్యుడు ప్రాణములు కోలుపోయెను. శాస్త్రమునకు పేరు పండితునిది, కడ్డీయొద్ద నిలుచుట కూలివానిది అను ధర్మము ఆ దినమునుండియే యున్నదన్నమాట. నేను క్రింద అమరకోశమును, కుఱ్ఱవాడు పైన ఇనుపకమ్మిని పట్టుకొని యుండుట చూచినచో మా యిల్లు మార్లీ గ్రామమునకు ఎంతో దూరమున లేదని తోచును.

ఆ కాలముననే ఐరోపాఖండమున గుడిగంటలు మ్రోగించినచో పిడుగు తొలగునని నమ్మి, తుఫానువేళ గంటలు కొట్టువారిని గోపురములమీదికి పంపెడివారు. ఊరిలో అన్నిటికంటె ఎత్తైనచోట, తడిసిన త్రాడు చేతబట్టి నిలిచిన ఆ దీనులు ఎందఱో మరణించిరి. మన యిండ్లలో అర్జునుని పేర్లు స్మరించు ఆచారము కలదు. మా నాయనమ్మ ఆ పేర్లు చెప్పుచు, పిల్లలనందఱను మిద్దెయింటి నడిమిగదిలో కూర్చుండబెట్టి, ఆఖరి ఉఱుము మాసిపోవువఱకు లేవనిచ్చెడిది కాదు. అర్జునుడు కాపాడెనో, నడిమిగది కాపాడెనో గాని ఆమె చేసిన పని మంచిదే. ఆ స్మరణమును నేను హేళన చేయను. మంత్రము నోటనుండగా మనుష్యుని మిద్దెమీద నుంచుటయే దోషము. ఇక పిడుగుపాటు తిన్నవానిని ముట్టరాదనుట, కొన్ని ప్రాంతములలో వలె పేడలో పూడ్చిపెట్టుట, పడినచోట మఱల పడదనుట—ఇవి మాత్రము ప్రాణాంతకములైన మూఢవిశ్వాసములు. దెబ్బతిన్న దేహమున విద్యుత్తు నిలిచియుండదు, వెంటనే తాకవచ్చును. ఊపిరి నిలిచినచో, గుండె ఆగినచో, ఆ క్షణముననే ఎదను గట్టిగా లయబద్ధముగా నొక్కుచు శ్వాస ఊదవలెను. చచ్చినట్లు పడియున్నవానిని మొదట చూడవలెను. మూలుగుచున్నవాడు కొంత ఆగగలడు. పేడలో గడచిన పది నిమిషములే బ్రదుకవలసినవానిని చంపుచున్నవి. ఇక ఎత్తైన మేడలపై ఒకే యేట పలుమాఱులు పిడుగు పడుట నిత్యానుభవము.

ఇప్పుడు మా పేట సంగతి విన్నవించెదను. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపురమున సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు చుట్టును బండలును పొదలును ఉండెను. నేడు మాదాపురము, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడ, కోకాపేటలవఱకు మేడ మీద మేడ లేచినది. లోపల కూర్చుండి యంత్రగణకములపై పనిచేయు మా పూర్వవిద్యార్థులకు పిడుగు భయము లేదు. మేడ తలపై వాహకపు కడ్డీ యుండును. గోడలలోని ఉక్కు కమ్ములు, నేలలో పాతిన లోహపు పట్టెలు ఆ విద్యుత్తును ప్రక్కనుండి దింపివేయును. లోహపు పంజరములోపలికి విద్యుత్తు చొఱదని మైకేల్ ఫారడే 1836లో తానే అట్టి పంజరమున కూర్చుండి చూపెను. మన దేశమున దీనికి భారతీయ ప్రమాణముల సంస్థవారి 62305 సంఖ్య ప్రమాణము కలదు. అన్నియు సరియే. కాని ఆ కడ్డీ మేడకు రక్ష. మేడమీది మనుష్యునికి కాదు. కడ్డీ ప్రక్కన నిలిచినవానికి అది రక్ష యగుటకు మాఱుగా శత్రువగును.

ఆ మేడలకు వెలుపల ఎవరున్నారో ఒక్క సాయంకాలము లెక్కించి చూచితిని. ఇనుపచువ్వలు కట్టువారు, పై అంతస్తున కాంక్రీటు పోయువారు, క్రేను నడపువారు, త్రాళ్ళకు వ్రేలాడుచు అద్దములు తుడుచువారు, రోడ్డు నడుమ మొక్కలకు నీళ్ళుపోయు స్త్రీలు, వీధులూడ్చువారు, కూడలిలో నిలిచిన పోలీసులు, ద్వారమువద్ద కాపలాదారులు, వీపున పెట్టె కట్టుకొని ద్విచక్రములపై భోజనములు చేరవేయు పిల్లలు. “ఉఱుము ఉఱిమి మంగలముపై పడినట్లు” అని సామెత. ఉఱుము ఉఱుముట మేడపైననే. పడుట మాత్రము ఈ వెలుపలి వారిమీదనే.

దేశమంతటి లెక్క చూచినను ఇంతే. జాతీయ నేరనమోదు సంస్థవారి లెక్కల ప్రకారము పిడుగుపాటున 2021లో 2,880 మందియు, 2022లో 2,887 మందియు మరణించిరి. ఇది తుఫాను కాదు, భూకంపము కాదు. ఒక్కొక్కరుగా, ఒక్కొక్క పొలములో, ఒక్కొక్క చెట్టుక్రింద జరుగు మరణము గనుక మన చెవికి ఎక్కదు. 2018 ఏప్రిల్ 24వ తేదీన ఆంధ్రప్రదేశమున 13 గంటలలో 36,749 పిడుగులు పడినట్లు లెక్కింపబడినది. ఆనాడు కనీసము 9 మంది మరణించిరి. పిడుగులను ఒక్కటియు విడువక లెక్కించు విద్య మనకు వచ్చినది. ఆ లెక్క మిద్దెమీదివానికి సకాలమున చేరుటయే కొఱత.

ఆ చేరుటకును సాధనములున్నవి. పూనాలోని ఉష్ణమండల వాతావరణశాస్త్ర సంస్థవారు దామిని యను అనువర్తనమును ఏర్పఱచిరి. ఉన్నచోటికి 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడుచున్నచో అది ఫోనులో చూపును. ఇంతమాత్రముచే ఫోను పిడుగును పిలుచునని భయపడనక్కఱలేదు. అది వట్టి పుకారు. కాని కమ్మి కట్టుచున్నవాడు మాటిమాటికి ఫోను చూచుకొనలేడు. చూచినను, దిగు అధికారము వానిది కాదు. ఒడియా, హిందీ, బంగాళీ మాటాడు కూలివానికి తెలుగున వచ్చిన సందేశము ఏమి తెలుపును? “పిడుగుకూ బియ్యానికీ ఒకటే మంత్రము” అన్నట్లు, తలకు టోపీ, కాలికి బూటు అను ఒక్క సూత్రమునే ద్వారముకడ వ్రాసి, అన్ని అపాయములకు సరిపెట్టుచున్నాము. టోపీ ఇటుకకు అడ్డుపడును గాని పిడుగునకు అడ్డుపడదు.

మఱి యేమి చేయవలెను? కొండలు పెకలింపనక్కఱలేదు. మొదటిది, పని ఆపుటకు ఒక మనిషిని ముందే నియమింపవలెను. అతడు పని త్వరగా ముగియుటవలన లాభము పొందువాడై యుండరాదు. అతడు ఆగుమన్న తరువాత యజమానికిని మాఱుచెప్పు హక్కు ఉండరాదు. రెండవది, ఎక్కడికి పోవలెనో ముందే తెలిసియుండవలెను. గోడలు, పైకప్పు, విద్యుత్తీగలు, నీటిగొట్టములు అమరిన పూర్తియైన కట్టడము గాని, పైకప్పు లోహముతో మూసియున్న వాహనము గాని ఆశ్రయము. చెట్టు, గుడారము, పరంజా, క్రేను నీడ, నాలుగు దిక్కుల తెఱచిన రేకుల పందిరి, ఆటో, ద్విచక్రము—ఇవి ఆశ్రయములు గావు. ఆశ్రయము పిడుగొక్కదానికే గాక వానకును ఆగవలెను. 2024 మే 7వ తేదీ సాయంకాలము కుండపోత వానలో బాచుపల్లిలో కట్టుచున్న యొక భవనసముదాయపు గోడ కూలి, నాలుగేండ్ల బిడ్డతో సహా 7గురు మరణించిరి. వారు బ్రదుకుతెఱువునకై పొరుగు రాష్ట్రములనుండి వచ్చిన కూలికుటుంబముల వారు. ఉఱుమునకు వెఱచి పరుగెత్తినవాడు గోడక్రింద పడకుండ చూచుటయు యజమాని పనియే.

మూడవది వేళ. మెఱుపునకును ఉఱుమునకును నడుమ మూడు సెకండ్లు గడచినచో పిడుగు ఒక కిలోమీటరు దూరమున నున్నది. ముప్పది గడచినచో పది కిలోమీటర్లు. ముప్పదిలోపల నున్నచో పని నిలుపవలెను. అసలు లెక్కతో పనిలేకయే, ఉఱుము వినబడగానే దిగుట ఇంకను మేలు. క్రేనునుండి, త్రాళ్ళనుండి దిగుటకు కాలము పట్టును గనుక వారిని మబ్బు కనబడగానే దింపవలెను. ఆఖరి ఉఱుమునుండి అఱగంట గడచువఱకు మఱల ఎక్కనీయరాదు. వాన వెలిసినదని పైకెక్కినవారే తఱచు దెబ్బతినుచున్నారు.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, కూలి. దిగిన గంటకు కూలి కోసినచో పైమూడును కాగితముమీది మాటలు. మేస్త్రీ నన్ను “దిగుదుమా?” అని యడిగినప్పుడు ఆ ప్రశ్నలో భయముతో పాటు ఆనాటి కూలియు నుండెను, అది నాకప్పుడు వినబడలేదు. తన ప్రాణమును తానే కాపాడుకొన్నందుకు పస్తుండవలసివచ్చు మనుష్యుడు ప్రాణమునే పణముగా పెట్టును. అది వాని మూర్ఖత్వము కాదు, మన లెక్క.

శాసనములు లేవని కాదు. నిర్మాణ కార్మికుల కొఱకు 1996లో ప్రత్యేక శాసనము వచ్చినది. 2025 నవంబరు 21నుండి వృత్తిభద్రత, ఆరోగ్యములకు సంబంధించిన 2020 నాటి స్మృతి దాని స్థానమున అమలులోనికి వచ్చినది. ప్రాణాపాయము దగ్గఱలో నున్నదని తోచిన కార్మికుడు యజమానికి తెలుపవచ్చుననియు, యజమాని వెంటనే నివారణోపాయము చేయవలెననియు అందు కలదు. మంచిదే. కాని “దిగుదుమా సారూ?” అనుటయు తెలుపుటయే గదా! తెలిపిన మాటను వినువాడు నావంటివాడైనప్పుడు శాసనము మెట్లమీదనే నిలిచిపోవును.

“గంటగంటకు పని ఆపినచో మేడ లేచుటెట్లు?” అని ఒక గుత్తదారు నన్ను ప్రశ్నించెను. గంటగంటకు ఉఱుములు రావు. మన ప్రాంతమున ఉఱుములు మెండుగా వచ్చునది వేసవి కడపటి వారములలోను, తొలకరిలోను. అదియు తఱచు మధ్యాహ్నము దాటిన తరువాత. కఠినమైన పనిని తెల్లవాఱుజామున మొదలుపెట్టి ఆ దినములలో ముందుగా ముగించినచో వడదెబ్బయు తప్పును, పిడుగుదెబ్బయు తప్పును. తాను దినమంతయు వాడు విమానము సైతము ఉఱుములో నేలపై నిలిచియుండుటను ఆ గుత్తదారు ఓర్చుకొనును. విమానమునకు ఆగగలిగిన లోకము మేస్త్రీకి ఆగలేదా?

చదువరులారా! గుత్తదారును నిందించి ఈ వ్యాసమును ముగించుట నాకు సులభము, మీకును హాయి. కాని ఈ కథలోని గుత్తదారును నేనే. మనలో ప్రతి గృహస్థుడును ఒక చిన్న గుత్తదారు. ఉఱుము వినగానే మిద్దెమీది బట్టలు తడియునని పనిమనిషిని పైకి పంపునది మన యిల్లాండ్రు గారా? వాన వచ్చులోపల నీటితొట్టి కడిగింప తొందరపడునది మనము గామా? మెఱుపులు మెఱయుచుండగా కిటికీ మూసికొని, వేడిగా తినవలెనని ఫోనులో భోజనము తెప్పించుకొని, వచ్చిన పిల్లవాడు పది నిమిషములు ఆలస్యమైనచో విసుగుకొనునది మన బిడ్డలు గారా? తడిసిన బట్టలు మఱల ఆఱును. చల్లారిన అన్నమును వేడి చేసికొనవచ్చును. గట్టిపడిన మాలును పాఱవైచి మఱల కలుపవచ్చును.

మా మిద్దె తలుపుమీద ఇప్పుడు ఒక కాగితము అతికించియున్నది: “ఉరుము వినబడితే అందరూ కిందికి రావాలి. అరగంట ఆగాలి. కూలి తగ్గదు.” మా అమ్మాయి దానిని హిందీలోను వ్రాసినది. మా బడిలో నేను మెఱుపు పేర్లు చెప్పుట మానలేదు. పేర్లు చెప్పిన పిదప, మెఱుపునకు ఉఱుమునకు నడుమ లెక్కపెట్టుటను, ఊపిరి నిలిచినవాని ఎదను నొక్కుటను నేర్పుచున్నాము. ఒక పిల్లవాడు తన తండ్రి పనిచేయు కట్టడముకడకు పోయి ఆ లెక్కను నేర్పి వచ్చెనని విని, నా ఇరువదియేండ్ల ఉపాధ్యాయత్వమున అంతటి జీతము ఎన్నడును అందుకొనలేదనుకొంటిని.

మిగిలిన రెండు వరుసలను మేస్త్రీయు మేనల్లుడును తరువాతి నెలలో వచ్చి పూర్తిచేసిరి. వైద్యపు వ్యయమును నేనిచ్చితిని. దానితో ఋణము తీరినదని నేను అనుకొనలేదు. కుఱ్ఱవాడు ఇప్పుడును పండుగలకు మా యింటికి వచ్చును. వాడు ఎక్కడ కూర్చుండినను నేను పోయి వాని యెడమప్రక్కన కూర్చుండెదను. ఆ ప్రక్కనుండియే వానికి నా మాట వినబడును.